మా ఇంటి అటక మీద గోదావరి బ్రిడ్జి

మన సంఘం భోజనాల దగ్గర నలుగురు మగవాళ్ళు ఒకచోట చేరితే మాటలు ఇంటి అప్పుల వడ్డీ రేట్ల దగ్గర మొదలై, పిల్లల గ్రామర్ స్కూలు పరీక్షల మీదుగా క్రికెట్ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతాయి. ఆ మధ్యలో ఎవరైనా "కొవ్వూరు దాటాక" అని ఒక్క మాట అంటే చాలు, పళ్ళాలు చేత్తో పట్టుకునే అందరూ ఒక్కసారిగా అందుకుంటారు. ఒకరు నదిలో వేసిన పది పైసల గురించి, ఇంకొకరు తలుపు దగ్గర నిలబడినందుకు నాన్నగారి చేత తిన్న తిట్ల గురించి, మరొకరు బ్రిడ్జి రాగానే నిద్ర లేపమని చెప్పి పడుకున్న అమ్మమ్మ గురించి చెబుతారు. విజయవాడ వాళ్ళు మాత్రం మా కృష్ణ బ్రిడ్జి తక్కువైందా అని అడుగుతారు. తక్కువేం కాదు. కానీ ఈ వ్యాసం గోదావరి బ్రిడ్జి గురించి, దాన్ని యార్క్‌షైర్‌లో మా ఇంటి అటక మీద కంప్యూటరులో కట్టుకుంటున్న నా పిచ్చి గురించి. అటక అంటే ఆవకాయ జాడీలు పెట్టే అటక అనుకునేరు, ఇక్కడి వాళ్ళు మెట్లు పెట్టించి గదిగా మార్చుకునే అటక.

ట్రైన్ సిమ్యులేటర్ అంటే తెలియని వాళ్ళకి రెండు మాటల్లో చెబుతాను. విమానం నడపడం నేర్పే కంప్యూటరు ఆటలు ఉన్నట్టే రైలు నడపడానికీ ఉన్నాయి. తెర మీద ఇంజను కేబిన్‌లోంచి కనబడే దృశ్యం, ఎదురుగా పట్టాలు, పక్కన సిగ్నళ్ళు, చేతికింద థ్రాటిల్, బ్రేకు, హారన్. ఒక లైను ఎంచుకుని, ఒక బండి ఎంచుకుని, టైముకి బయల్దేరి టైముకి చేరాలి. "స్టీరింగే లేని బండి నడపడంలో గొప్పేముంది బావా? పట్టా ఎటు తీసుకెళితే అటేగా" అని మా బావమరిది వెక్కిరించాడు.

గొప్పంతా ఆపడంలో ఉంది. ఉక్కు చక్రం, ఉక్కు పట్టా, రెండింటి మధ్యా రాపిడి చాలా తక్కువ. ఒక్క ఇంజను అన్ని వేల టన్నులు లాగగలిగేది అందువల్లే, ఆపడం అంత కష్టమయ్యేదీ అందువల్లే. 58 పెట్టెల బొగ్గు బండి నిండా లోడుతో ఉంటే నాలుగు వేల టన్నుల పైమాటే. ఎర్ర దీపం కనబడ్డాక బ్రేకు వేద్దామనుకుంటే అది దీపాన్ని దాటి ఎక్కడికో పోయి ఆగుతుంది. అందుకని ముందు రెండు పసుపు దీపాలు, తర్వాత ఒక్క పసుపు, ఆ తర్వాత ఎరుపు. ఈ రెండు పసుపుల పద్ధతి మన దేశంలోనూ ఉంది, ఇక్కడా ఉంది కాబట్టి ఇంగ్లండు లైన్ల మీద చెయ్యి తిరిగిన పిల్లలు మన లైను మీద తికమక పడరు. నేను మత్తు డాక్టరుని. ఆపరేషన్ థియేటర్లో నా పనీ ఇంచుమించు ఇదే. అంకెల కేసి చూస్తూ కూర్చోవడం, ఏదీ హఠాత్తుగా చెయ్యకపోవడం, ఇప్పుడిచ్చిన మందు కాసేపాగి ఏం చేస్తుందో ముందే లెక్క వేసుకోవడం. అందుకే కాబోలు ఈ ఆట నాకు వెంటనే పట్టుబడింది. మా ఆవిడ మాత్రం "పగలంతా అదే చేసి ఇంటికొచ్చి మళ్ళీ అదేనా" అంటుంది.

ఈ ఆటలకి పుట్టిల్లు జపాను అనే చెప్పాలి. 1996లో టైటో అనే కంపెనీ 'దెన్షా దే గో' అని ఒక ఆట తెచ్చింది. స్టేషన్లో గీత మీద, సెకన్ల లెక్కన బండిని ఆపడమే అందులో ఆటంతా. ఆ దేశంలో రైళ్ళు నడిచే తీరు తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. మనలాంటి వాళ్ళకి ఈ పిచ్చి అంటించింది 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్. తయారు చేసింది ఇక్కడి కుజు అనే సంస్థ. అందులో ఆరు లైన్లు ఇచ్చారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్, మోంటానా కొండల్లో మరియాస్ పాస్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నుంచి సెంట్ యాంటన్, జపానులో రెండు, మన ఇంగ్లండులో సెటిల్-కార్లైల్. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో ఆరన్ వాళ్ళు 'ట్రెయిన్జ్' తెచ్చారు. మైక్రోసాఫ్ట్ రెండో భాగం తెస్తామని రెండుసార్లు చెప్పి రెండుసార్లూ మానుకుంది. రెండోసారి, అంటే 2009 జనవరిలో, ఆ ఆటలు తయారుచేసే విభాగాన్నే మూసేసింది. మామూలుగా అయితే అక్కడితో కథ కంచికి వెళ్ళాలి. కానీ ప్రపంచం నలుమూలలా ఉన్న రైలు పిచ్చివాళ్ళు కొందరు పైసా తీసుకోకుండా 'ఓపెన్ రైల్స్' అని సొంతంగా ఒకటి రాసుకున్నారు. 2015లో దాని మొదటి పూర్తి రూపం వచ్చింది. 2001 నాటి లైన్లన్నీ ఇవాళ్టి కంప్యూటర్ల మీద తిరుగుతున్నాయంటే అది వాళ్ళ చలవే. డబ్బులు పెట్టి కొనుక్కునేవి కావాలంటే మన కెంట్‌లోని చాటమ్‌లో ఉన్న డవ్‌టెయిల్ వాళ్ళవి ఉన్నాయి. బొమ్మలు వాటిలో చాలా బాగుంటాయి గానీ నా ఓటు మాత్రం పాత దానికే. అందులో మన లైను మనమే కట్టుకోవచ్చు, నలుగురికీ ఊరికే పంచవచ్చు.

ఆ ఆరింట్లో నాకు బాగా నచ్చినది జపాను వాళ్ళ హిసాత్సు లైను. క్యూషూ దీవిలో కొండల మధ్య హితొయొషి నుంచి యొషిమత్సు దాకా పోయే సింగిల్ లైను. మీరు నడిపేది ఒకే ఒక్క పెట్టె డీజిలు బండి. దారిలో ఒకొబా అని ఒక స్టేషను ఉంది. పట్టా అక్కడ కొండ చుట్టూ ఉంగరంలా తిరుగుతూ పైకెక్కుతుంది. ఆ ఉంగరంలోనే బండి స్టేషన్లోకి వచ్చి ఆగి, వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు తిరిగి కొండెక్కాలి. డ్రైవరు ఈ చివర్నుంచి ఆ చివరికీ, ఆ చివర్నుంచి ఈ చివరికీ నడవాల్సిందే. 2020 జులైలో కుమా నదికి వచ్చిన వరదలు ఆ లైనుని విరిచేశాయి. యత్సుషిరో నుంచి యొషిమత్సు దాకా అప్పటి నుంచీ బళ్ళు తిరగడం లేదు. కానీ మా అటక మీద రోజూ తిరుగుతున్నాయి. పోయిన దాన్ని దాచి ఉంచే సాధనంగా ఈ ఆటని చూడటం నాకు అక్కడే మొదలైంది.

సెటిల్-కార్లైల్ సంగతి ఇక్కడ ఉన్న మీకు నేను చెప్పనక్కర్లేదు. మనలో సగం మంది వేసవిలో పులిహోర కట్టుకుని రిబుల్‌హెడ్ వయాడక్టు కింద కూర్చుని వచ్చిన వాళ్ళమే. 24 కమానులు, 400 మీటర్ల పొడవు. నేను మాత్రం దాన్ని మొదట చూసింది కాకినాడలో, మెడిసిన్ చదివే రోజుల్లో, ఒక స్నేహితుడి కంప్యూటరులో. సెటిల్ దాటిన దగ్గర్నుంచి పదిహేను మైళ్ళ పైన 1 కి 100 వాలు. ఆవిరింజను మీద ఆ ఎత్తు ఎక్కించడం ఎంత కష్టమో ఆ ఆటలోనే తెలిసింది. ఆ కొండల పక్కనే ఉద్యోగం చేస్తానని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాణ్ణి. ఆ లైనుని మూసేస్తామని 1984లో నోటీసు ఇచ్చారు. 22 వేలకు పైగా అభ్యంతరాలు వెళ్ళాయి. అందులో ఒకటి కుక్కది! రస్వార్ప్ అనే ఆ కుక్క కూడా టిక్కెట్టు కొన్న ప్రయాణీకుడే కాబట్టి దాని పాదముద్రని అభ్యంతరంగా తీసుకున్నారు. 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం మూసివేతని విరమించుకుంది. గార్స్‌డేల్ స్టేషన్లో ఆ కుక్కకి కంచు విగ్రహం ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు పిల్లలకి చూపించండి.

సరే, మన గోదావరికి వద్దాం. మాది నిడదవోలు. నిడదవోలు నుంచి చాగల్లు, పశివేదల, కొవ్వూరు, ఆ తర్వాత బ్రిడ్జి, బ్రిడ్జి దిగగానే గోదావరి స్టేషను, ఆ వెంటనే రాజమండ్రి. మొత్తం పాతిక కిలోమీటర్లకి లోపే. మూడేళ్ళుగా కడుతున్నాను, ఇంకా పూర్తి కాలేదు. నిజం బ్రిడ్జి కట్టిన వాళ్ళు నాకన్నా తొందరగా కట్టారని మా ఆవిడ లెక్క చెప్పింది. 1897లో మొదలుపెట్టి 1900లో బండి నడిపారు మరి.

ఒక లైను కట్టాలంటే ముందు నేల కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక పదకొండు రోజులు తిరిగి, రాడారుతో భూమిలో చాలా భాగం ఎత్తుపల్లాలు కొలిచింది. ఆ కొలతలు ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. మనది డెల్టా, చాప పరిచినట్టు ఉంటుంది కాబట్టి వాటితో పెద్ద పని పడలేదు. బ్రిడ్జికి రెండు వైపులా ఉండే ఎత్తు గట్లు మాత్రం చేత్తో పోసుకున్నాను. అదే అరకు లైనయితే ఆ కొలతలే ప్రాణం. బైలడిల్లా ఇనప ఖనిజం జపానుకి పంపడం కోసం అరవైల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. దాని మీద చెయ్యి వేసే ధైర్యం నాకింకా రాలేదు. మనలో వైజాగు ఇంజనీర్లు చాలామంది ఉన్నారు, ఎవరైనా పూనుకుంటే నా దగ్గరున్న సామాను అంతా ఇస్తాను.

నేల తర్వాత పట్టాలు, పట్టాల తర్వాత చెట్లు. ఇక్కడే చిక్కొచ్చింది. ఆటతో వచ్చే చెట్లన్నీ ఓక్‌లూ పైన్‌లూ. కొవ్వూరు చేల గట్ల మీద పైన్ చెట్లుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ ఆటలో చెట్టంటే నిజానికి రెండు ఫొటోలని అడ్డంగా నిలువుగా నిలబెట్టడమే. మా చెల్లెలు చాగల్లు వెళ్ళి తాటిచెట్లు, కొబ్బరిచెట్లు, తుమ్మలు, ఒక రావిచెట్టు ఫొటోలు తీసి పంపింది. "అన్నయ్యా, తాటిచెట్టుకి ఫొటో తీస్తున్న నన్ను చూసి ఊరంతా నవ్వుతున్నారు" అంది. ఇప్పుడా తాటిచెట్లు నా లైను మీద రెండు వేల చోట్ల ఉన్నాయి. రెండు వేలూ ఆ నాలుగైదు చెట్లే. ఇంజన్లు, పెట్టెలు మటుకు ఎవరెవరో చేసి పంచిపెట్టినవి. పెళ్ళివారు వీధిలో అందరి దగ్గరా గంగాళాలు, జంపఖానాలు అరువు తెచ్చుకున్నట్టే ఇదీను. ఎవరిది వాడుకున్నామో పేరు పేరునా చెప్పాలి, అమ్ముకోకూడదు. ఆ మర్యాద ఇన్నేళ్ళుగా చెక్కు చెదరకుండా ఉంది.

అసలు ప్రశ్న ఏ సంవత్సరం కట్టాలి అన్నది. మన సంఘంలో ఒక ఇంజనీరు మిత్రుడు ఇవాళ్టి లైనే కట్టమంటాడు. 2023 జనవరి నుంచి వందే భారత్ తిరుగుతోంది కదా, పిల్లలకి అదే ఇష్టం అంటాడు. నేను ఒప్పుకోలేదు. నాకు కావలసింది 1993. ఎందుకో చెబుతాను.

గోదావరి మీద రాజమండ్రి దగ్గర మూడు రైలు బ్రిడ్జిలున్నాయి. మొదటిది 1900 నాటి హేవలాక్ బ్రిడ్జి. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు, ఒక్కొక్కటీ 45.7 మీటర్ల చొప్పున 56 ఖానాలు. మొత్తం 2.7 కిలోమీటర్ల పైన, అంటే ఇంచుమించు ఏడు రిబుల్‌హెడ్‌లు వరసగా పేర్చినంత. వాల్టన్ అనే ఇంజనీరు కట్టించాడు. రెండోది 1974లో వచ్చింది, పైన రోడ్డు, కింద రైలు. మూడోది విల్లులా వంగిన కాంక్రీటు కమానులది. 1991లో మొదలై 1997లో పూర్తయింది. అదే 1997లో హేవలాక్ బ్రిడ్జికి రిటైర్‌మెంటు ఇచ్చారు. 1993లో అయితే పాత రెండు బ్రిడ్జిల మీదా బళ్ళు తిరుగుతున్నాయి, మూడోదానికి నదిలో స్తంభాలు లేస్తున్నాయి. ఇంకా కరెంటు తీగలు రాలేదు, డీజిలు ఇంజన్లదే రాజ్యం. మూడు తరాలూ ఒకే కిటికీలోంచి కనబడిన కాలం అది. అప్పుడు నాకు పదమూడేళ్ళు.

ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఇవాళ్టి పట్టాలు కనబడతాయి. 1993 కనబడదు. పాత ప్లాట్‌ఫారం ఎంత పొడవుండేది, నీళ్ళ ట్యాంకు ఎటువైపు, గేటు దగ్గర గుడిసె ఉండేదా, సిగ్నలు చెయ్యి ఏ మలుపు దగ్గర మొదట కనబడేది, ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. ఇవి తెలిసినది అక్కడ పనిచేసిన మనుషులకే.

అలాంటి మనిషి ఒకాయన మన మధ్యకే వచ్చి కూర్చుంటారని నేను అనుకోలేదు. మన సభ్యుల్లో ఒకరి నాన్నగారు, రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. మన తల్లిదండ్రుల ఆర్నెల్ల సంగతి మీకు తెలిసిందే. వాన, చలి, పొద్దున్నే తాళాలు వేసుకుని వెళ్ళిపోయే పిల్లలు, చూసిన సినిమాలే చూడటం. ఒక ఆదివారం ఆయన్ని మా ఇంటికి భోజనానికి పిలిచి అటక మీదకి తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చున్నారు. తెర కేసి చూడలేదు, కళ్ళు మూసుకుని చెవి ఒగ్గారు.

"డాక్టరు గారూ, ఇది మన బ్రిడ్జి చప్పుడు కాదండి" అన్నారు.

కాదు మరి. అది ఆటతో వచ్చిన చప్పుడు. ఏ దేశపు బ్రిడ్జిదో. ఆయన బల్ల మీద వేళ్ళతో వాయించి చూపించారు. గట్టు మీద ఉన్నప్పుడు టకటక్, టకటక్. బ్రిడ్జి ఎక్కగానే అదే తాళం, కానీ కింద డొల్లగా, కుండలో మాట్లాడినట్టు ధన్‌ధన్‌మని. స్తంభం దాటినప్పుడల్లా ఒక క్షణం గట్టిపడి మళ్ళీ డొల్ల. నేను లెక్క వేసి చూశాను. పాత పట్టా ముక్క పొడవు 13 మీటర్లు, గంటకి 60 కిలోమీటర్లయితే సెకనుకి ఒకటికి పైగా అతుకులు. బ్రిడ్జి మీద 30కి తగ్గితే ఆ తాళం సగానికి పడిపోతుంది, దాటడానికి అయిదున్నర నిమిషాలు పడుతుంది. ఆయన వేళ్ళు సరిగ్గా ఆ లెక్కకే పడుతున్నాయి. రైలు దిగి ఇరవై ఏళ్ళు దాటిన వేళ్ళు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చారు. ఒక రూళ్ళ నోటుబుక్కు తెచ్చుకుని నిడదవోలు నుంచి రాజమండ్రి దాకా ఒక్కొక్క స్తంభం గుర్తు చేసుకుంటూ రాశారు. ఏ గేటుకి ముందు పసుపు పలక మీద 'సీ/ఫా' అని ఉంటుందో, అంటే ఫాటకం వస్తోంది కూత వెయ్యమని, అన్నీ రాశారు. 1974కి ముందు ఉన్నది ఒక్క బ్రిడ్జే, ఒక్క లైనే. ఎదురుబండి బ్రిడ్జి మీద ఉంటే కొవ్వూరులో నిలబడిపోవడమేనట. ఆవిరింజను రోజుల్లో బ్రిడ్జి మీద బూడిద దులపడానికి వీల్లేదు, కింద చెక్క స్లీపర్లు. 86 ఆగస్టు వరదల మాట ఎత్తితే కాసేపు మాట్లాడలేదు. "నీళ్ళు ఎర్రగా, బ్రిడ్జి కిందనించి చెట్లకి చెట్లే కొట్టుకుపోతన్నాయండి. దణ్ణం పెట్టుకుని ఎక్కాను. ఆయ్" అన్నారు, అంతే. దాన్ని నేను కట్టలేదు. ఈ ఆటలో నదికి ఒకటే మట్టం.

ఒక శనివారం ఆయన్ని నిజంగానే సెటిల్ బండి ఎక్కించాను. వయాడక్టుని మర్యాదగా చూశారు గానీ ఆయన్ని కదిలించింది ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్న చెయ్యి సిగ్నళ్ళు. "మన వైపు చెయ్యి దించితే వెళ్ళమని. వీళ్ళు చెయ్యి ఎత్తితే వెళ్ళమంటున్నారే!" అని పసిపిల్లాడిలా నవ్వారు.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. మొదట్లో "నాన్నా, నది మరీ పెద్దగా పెట్టేశావు, ఇంత ఉండదు" అని వాదించేవాడు. ఆయనే వాడికి బండి నడపడం నేర్పారు. బ్రేకు గట్టిగా లాగితే "వెనక పెట్టెల్లో ముసలాళ్ళున్నారు బాబూ, టీలు ఒలికిపోతాయి" అనేవారు. ఆ మాట వాడికి బాగా పట్టింది. ఇప్పుడు రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద బండిని వెన్నలా ఆపుతాడు. చిల్లర వెయ్యడం ఎలా అన్నది కూడా వాడే తేల్చాడు. ఈ ఆటలో అమెరికా ఇంజన్ల కోసం గంట కొట్టే మీట ఒకటుంది. మన ఇంజన్లకి గంట లేదు కాబట్టి ఆ మీట ఖాళీ. మా వంటింట్లో ఇనప పెనం మీద రూపాయి బిళ్ళ పడేసి ఆ 'టంగ్' అనే చప్పుడు పట్టుకుని దానికి తగిలించాడు. రోడ్డు బ్రిడ్జి కింద ఉక్కు దూలాలకి తగిలిన బిళ్ళ సరిగ్గా అలాగే మోగుతుంది.

స్టేషను అనౌన్స్‌మెంటు మటుకు మా ఆవిడ చెప్పింది. ఇన్నాళ్ళూ వెక్కిరించిన మనిషి ఒక రాత్రి తనే వచ్చి "దయచేసి వినండి. విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్ళు గోదావరి ఎక్స్‌ప్రెస్ మరి కొద్ది సేపట్లో..." అని ముక్కుతో మొదలుపెట్టింది. నాలుగుసార్లు నవ్వు ఆపుకోలేక పాడైంది, అయిదోసారి కుదిరింది. 1974 ఫిబ్రవరిలో మొదలైన ఆ బండికి 2024లో యాభై ఏళ్ళు నిండాయి. తన పెళ్ళిచూపులకి మేం వచ్చింది ఆ బండిలోనేనని తనే గుర్తు చేసింది.

పెద్దాయన అక్టోబరులో ఇండియా వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఒక్క చోట తేలలేదు. కొవ్వూరు స్టేషను దాటాక, బ్రిడ్జి గట్టు మొదలయ్యే చోట ఒక పాత కేబిన్ ఉండేదని, అది పట్టాలకి నది వైపా ఊరి వైపా అన్నది ఆయనకి రూఢిగా గుర్తు లేదు. "అక్కడ డ్యూటీ చేసినాయన కొవ్వూరులోనే ఉన్నాడు, నాకన్నా పెద్దోడు. నే వెళ్ళగానే కనుక్కుని ఫోను చేస్తాను" అన్నారు. ఫోను చేశారు. ఆయన ఊరు చేరేసరికి ఆ కేబిన్‌మన్ పోయి పది రోజులైందట. వాళ్ళ పిల్లలు హైదరాబాదులో, ఇంట్లో పాత ఫొటోలేమీ లేవట.

ఆ చోట నేను గడ్డి మాత్రం పరిచి వదిలేశాను. ఏదో ఒక కేబిన్ పెట్టెయ్యొచ్చు, ఎవరికి తెలుస్తుంది అని మిత్రులు అంటారు. నడిపేవాళ్ళలో నూటికి తొంభైమందికి తెలియదు, నిజమే. కానీ సెటిల్-కార్లైల్ లైను కట్టిన వాళ్ళ దగ్గర ప్రతి స్టేషనుకీ ఫొటోలున్నాయి, పుస్తకాలున్నాయి, దాన్ని కాపాడుకున్న జనం ఇప్పటికీ ఉన్నారు. మన దగ్గర బ్రిడ్జి మిగిలింది. హేవలాక్ బ్రిడ్జి ఇంకా నదిలో నిలబడే ఉంది. 2025 జూన్‌లో శంకుస్థాపన చేసిన 'అఖండ గోదావరి' పథకంలో దాన్ని పర్యాటక స్థలంగా మారుస్తామన్నారు. సంతోషం. రాయి, ఉక్కు ఎలాగో నిలబడతాయి. దాని మీద బళ్ళు నడిపిన వాళ్ళ దగ్గరున్న రూళ్ళ నోటుబుక్కులు ఎన్నున్నాయో, అవి ఎవరి పెట్టెల్లో ఉన్నాయో.

అందుకని సభ్యులందరికీ ఒక మనవి. మీ ఇళ్ళలో పాత ఆల్బములు తిరగెయ్యండి. పెళ్ళికి వెళుతూనో, ఎవరినో రైలెక్కిస్తూనో నిడదవోలు, కొవ్వూరు, గోదావరి, రాజమండ్రి స్టేషన్లలో దిగిన ఫొటో ఏదైనా ఉంటే మనుషుల్ని చూడకండి, మనుషుల వెనకాల ఏముందో చూడండి. బోర్డు, కుళాయి, చెట్టు, సిగ్నలు, కేబిన్, ఏ మూల కనబడినా నాకు పనికొస్తుంది. ఫొటో మీకే తిరిగి ఇచ్చేస్తాను.

ఉగాది రోజున హాలు పక్క గదిలో, టీ బల్లకి ఎదురుగా కంప్యూటరు పెడుతున్నాను. నిడదవోలు నుంచి రాజమండ్రి దాకా అయినంత వరకూ నడుస్తుంది. లైను మొత్తం ఇంటికి పట్టుకెళ్ళాలనుకునే వాళ్ళు ఒక ఖాళీ పెన్‌డ్రైవు తెచ్చుకోండి, ఎక్కించి ఇస్తాను. పిల్లలు క్యూ కడతారని తెలుసు. మీ ఇంటికి ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే మాత్రం ముందు వాళ్ళని కూర్చోబెడదాం. పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను కూడా పెడుతున్నాను.